పద్దెనిమిది గెలుపులా, పదిహేను స్ట్రోకులా

అంకెలు ఎదురుగా ఉంటే ఎంతటి వాదనైనా ఇట్టే తెగుతుందని లోకంలో ఒక గట్టి నమ్మకం. నలభై ఏళ్లు గణాంకశాస్త్రం బోధించిన నేను ఇంకేం నమ్మగలను? అయితే పరీక్షకు నిలవని నమ్మకం జ్ఞానం కాదు గనుక, గత శనివారం మా అపార్ట్‌మెంట్ సంఘం గదిలో జరిగిన పరీక్షను పాఠకుల ముందుంచుతున్నాను.

ముందే మనవి చేస్తున్నాను. పురుషుల ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో అత్యుత్తమ సీజన్ ఎవరిదన్న చర్చ మానవజాతికి దక్కిన వరం. వేర్వేరు కాలాల ఆటగాళ్లు ఎదురుపడే ప్రమాదం లేదు. కనుక ఎవరూ ఓడరు. చర్చించేవారికి ఆట రానక్కర్లేదు. మాలో గోల్ఫ్ కర్ర పట్టినవారే లేరు. సెక్రటరీగారు మాత్రం గొడుగుతో ఒక షాట్ ఊపి చూపారు. ట్యూబ్‌లైటు పోయింది. చర్చ ఆగలేదు.

సమావేశం రెండు గంటలకు. ఎజెండాలో ఒకటే అంశం: తొమ్మిది రోజులుగా ఆగిపోయిన లిఫ్టు. సెక్రటరీగారి సంతకం పడితే గంటలో బాగుచేస్తానని మెకానిక్ పనిముట్ల పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆరో అంతస్తులో మా అక్క, ఒక కాలికి సిమెంటు కట్టు, రెండో కాలికి చెప్పు తొడుక్కుని సిద్ధంగా కూర్చుంది. నాలుగున్నరకు ఆసుపత్రిలో ఆ కట్టు విప్పాలి.

సెక్రటరీగారు పొద్దున ఫోన్‌లో చూసిన ఒక పాతకాలపు గోల్ఫ్ ఆటగాడి వీడియో సంగతి ఎత్తారు.

"ఒక్క ఏడాదిలో పద్దెనిమిది టోర్నమెంట్లు గెలిచాడండీ. అందులో పదకొండు వరసగా. ఇంకా మాట్లాడేదేముంది?"

"అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు," అన్నారు మూడో అంతస్తు దంతవైద్యుడు. "మంచి ఆటగాళ్లు చాలామంది సైన్యంలో ఉంటే, మిగిలినవాళ్లని కొట్టడం ఒక గొప్పా? ఈ కాలంలో మావాడు మేజర్ అనే పెద్ద టోర్నమెంటు ఒకటి పదిహేను స్ట్రోకుల తేడాతో, అంటే అందరికంటే పదిహేను దెబ్బలు తక్కువలో, కొట్టాడు. అదే ఏడాది ఇంకో రెండు."

"మీవాడికి ఆ పాత కర్రలిచ్చి ఆడించండి, చూద్దాం."

"ముందు మీరా గొడుగు దించి మాట్లాడండి."

"సార్, సంతకం," అన్నాడు మెకానిక్. "నాకు నాలుగింటికి ఇంకో బిల్డింగుంది."

"ఒక్క నిమిషం బాబూ."

త్వరగా ముగించే సదుద్దేశంతోనే నేను లేచాను. గెలుపులకిన్ని, తేడాకిన్ని, పోటీదారుల బలానికిన్ని, సగటు స్కోరుకిన్ని అంటూ మార్కుల పట్టిక గీశాను. కూడితే తేలిపోవాలి. తేలింది కూడా: పద్దెనిమిది గెలుపులాయన రెండు మార్కులు ముందున్నారు.

ఆ ఫలితం నాకు సమంజసంగా తోచలేదు. పోటీదారుల బలానికి తక్కువ మార్కులు కేటాయించానని గ్రహించి, మళ్లీ మొదలుపెట్టాను.

ఫోన్ మోగింది. "ఒరేయ్, లిఫ్టు ఏమైంది?"

"తేలిపోతోందక్కా. మార్కుల దగ్గర ఆగింది."

"లిఫ్టుకి మార్కులేంట్రా?"

సూత్రం వివరించే వ్యవధి లేక ఫోన్ పెట్టేశాను.

ఫలితాలు ఇవి. మొత్తం నాలుగు పట్టికలు తయారయ్యాయి. రెండింటిలో ఆయన గొప్ప, రెండింటిలో ఈయన. మెకానిక్ మూడూ నలభైకి వెళ్లిపోయాడు. అక్క మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టే జరుగుతూ ఆరంతస్తులూ దిగింది. యాభై రెండు నిమిషాలు పట్టింది. ఆసుపత్రి చేరేసరికి కట్లు విప్పే గదికి తాళం వేశారు. సోమవారం రమ్మన్నారు. తిరిగి పైకి ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో నమోదు కాలేదు. నన్ను వెంట రావద్దంది.