చిన్న అక్షరాల పెద్ద మనసు

ఇన్సూరెన్సు పాలసీ వెనక చీమ తలకాయంత అక్షరాలుంటాయే, వాటిని ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మీ మోకాలు ఎప్పుడైనా నొప్పి పెట్టిందా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, పోయినేడాది ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లారా అని అరవై నాలుగు పేజీల పొడుగునా ఓపిగ్గా అడిగే చుట్టం మీకెవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, నేనీ కాలమ్ రాయడం మానేస్తాను.

నమ్మకం కుదరకపోతే మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడ సంగతి వినండి.

ఆవిడ ఇరవై రెండేళ్లుగా పై అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఇతరుల తప్పులు ఏరుతోంది. ఇంట్లో ఆవిణ్ణి అందరూ 'కామా వదిన' అంటారు. ఆ పేరు పెట్టింది మరిది. పుట్టినరోజుకని అతను ఇచ్చిన శుభాకాంక్షల కార్డును మర్నాడు దిద్ది తిరిగి అతని చేతిలోనే పెట్టింది మరి.

భర్త లిఫ్టు మెకానిక్కు. ఊళ్లోవాళ్లందరికీ మెట్లెక్కే బాధ తప్పించి, తను మాత్రం మెట్లెక్కే ఉద్యోగం. ఆయన్ని పిలిచేసరికి లిఫ్టు ఎలాగూ పాడైపోయే ఉంటుంది కదా.

ఆ చలికాలం సెలవులకు అన్నదమ్ములిద్దరూ కూడబలుక్కున్నారు. భార్యల్ని తీసుకుని మంచుకొండల మీదికి వెళ్లాలి, కాళ్లకు పొడుగాటి స్కీ చెక్కలు కట్టుకుని జర్రున జారాలి. టికెట్లు మరిది తీశాడు. సర్దుడు తోడికోడలి వంతు. భర్త నలుగురికీ సరిపడా స్వెట్టర్లు అరువు తెచ్చాడు. మిగిలింది ట్రావెల్ ఇన్సూరెన్సు.

"జీతానికి ఊరివాళ్లవన్నీ చదువుతావు, ఇంటికోసం మూడు పాలసీలు చదవలేవా?" అన్నాడు భర్త.

ఆవిడ చదివింది. పాఠకులారా, మూడూ మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివింది. ఆ మూడూ అమ్మే కంపెనీ పుట్టాక ఆ పని చేసిన మొదటి మనిషి ఆవిడే అయి ఉంటుంది.

మొదటి పాలసీ అన్ని శీతాకాల క్రీడలకూ వర్తిస్తుంది, మంచు మీద ఆడేవి తప్ప. రెండోదానిలో మంచు పడనందువల్ల కలిగే నిరాశకు పరిహారం ఉంది, మంచు పడ్డందువల్ల జరిగే ప్రమాదానికి లేదు. మూడోది ఖరీదైనది, దాని అట్ట మీద బంగారు రంగు కూడా ఉంది. అందులో శిక్షకుడి కళ్లెదుట పడితేనే పడినట్టు లెక్క. ఆయన అటు తిరిగినప్పుడు పడితే అది మీ సొంత వ్యవహారం.

ఇంత ముందుచూపు మన పెద్దవాళ్లకైనా ఉందా?

మూడో పాలసీలో 'కాళ్లు విరిగినచో' అని ఉంది. 'కాలు' అని ఎక్కడా లేదు. వేరేవాళ్లయితే ఊరుకునేవారు. ఆవిడ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసింది.

"ఒక కాలే విరిగితే ఇస్తారా అమ్మా?"

"ఒక కాలంటే ఏ కాలు మేడమ్?" అంది అవతలి అమ్మాయి.

"ఏదో ఒకటి. ఇంకా విరగలేదు."

"విరిగాక ఫోన్ చేయండి మేడమ్, అప్పుడు చూసి చెప్తాం."

"విరిగే ముందే తెలుసుకుందామని చేశాను."

కొంతసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "ఇలా ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్," అంది ఆ అమ్మాయి, నిజంగానే కాస్త గౌరవంతో.

చివరికి ఆ మూడోదే తీసుకుందామని నిర్ణయించి, సాయంత్రం వంటింటి బల్ల మీద ఆరోగ్య వివరాల ఫారం పరిచింది. భర్త ఎదురుగా కూర్చుని పాడైన స్విచ్చు ఒకటి విప్పుతున్నాడు. ఆవిడ చదువుతోంది, ఆయన తలెత్తకుండా 'లేదు' అంటున్నాడు. ఉబ్బసం? లేదు. మూర్ఛ? లేదు. వెన్నునొప్పి? లేదు.

"డాక్టరు రాసిచ్చాక కూడా చేయించుకోని పరీక్షలేమైనా ఉన్నాయా?"

స్క్రూడ్రైవరు ఆగింది.

"ఏవండీ, మిమ్మల్నే."

"దాన్ని పరీక్ష అంటారా?" అన్నాడాయన. "ఏదో మిషను మీద నడవమన్నాడంతే."

"ఎవరు నడవమన్నారు?"

అప్పుడు బయటపడింది. నాలుగు నెలల కిందట పదకొండో అంతస్తుకు మెట్లెక్కి వెళ్తుంటే, ఏడో అంతస్తు దగ్గర గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. కాసేపు మెట్ల మీద కూలబడి, లేచి, లిఫ్టు బాగుచేసి, అదే లిఫ్టులో కిందికి దిగి, డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు పరీక్ష రాశాడు. ఆ చీటీ పనిముట్ల పెట్టె అడుగుకు చేరింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"కంగారుపడతావని," అన్నాడు. ఆగి, మెల్లిగా, "నువ్వూ అడగలేదుగా," అన్నాడు.

ఆవిడకు కోపం రాలేదు. ఆ నాలుగు నెలల్లో తను దిద్దిన పుస్తకాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో పట్టుకున్న తప్పులు గుర్తొచ్చాయి. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి ముఖం ఎలా ఉండేదో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. పెన్ను తీసి ఆ గడిలో 'ఉంది' అని రాసింది. ఆ అక్షరాలు గడి దాటి బయటికొచ్చాయి.

మర్నాడు కంపెనీ చెప్పింది, పరీక్ష చేయించుకుంటేగానీ పాలసీ ఇవ్వమని. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన ఆవిడ చెప్పి ఉంటే వెళ్లేవాడో లేదోగానీ, కంపెనీ అడిగిందనేసరికి ఆయన బుద్ధిగా వెళ్లాడు. మిషను మీద మూడు నిమిషాలు నడిచాడో లేదో, డాక్టరు ఆపించి, ఇంటికి పంపనన్నాడు. గుండె రక్తనాళం ఒకటి ముప్పాతిక వంతు పూడుకుపోయింది. మర్నాడే స్టెంటు వేశారు.

"ఈ గుండెతో ఆ కొండెక్కి ఉంటే, దించడానికి మనిషి దొరికేవాడు కాడు," అన్నాడు డాక్టరు. ఆవిడ కారిడార్లో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడింది.

చూశారా? కట్టుకున్న భార్య, తోడబుట్టిన తమ్ముడు, పదేళ్లుగా పక్కన పనిచేసే హెల్పరు, ఇంతమందిలో ఒక్కరూ అడగని మాట అడిగి ఒక నిండుప్రాణం కాపాడింది ఎవరు? ఆ చీమ తలకాయ అక్షరాలు కావా?

ఆయన ఇంటికొచ్చిన వారానికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వివరాలు నిజాయితీగా ఇచ్చినందుకు ధన్యవాదాలనీ, ఆ వివరాల కారణంగానే పాలసీ ఇవ్వలేకపోతున్నామనీ, ఇకముందు ఎన్నడూ ఇవ్వబోమనీ దాని సారాంశం. ఆవిడ రెండుసార్లు చదివింది. ఒక్క తప్పు కూడా లేదు. అదే ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

టికెట్లు దండగెందుకని అన్నయ్య పట్టుబట్టి పంపిస్తే, మరిదీ తోడికోడలూ కొండకు వెళ్లొచ్చారు. మరిది వచ్చింది మాత్రం ఎడమకాలికి కట్టుతో, చంకల్లో కర్రలతో. విరిగింది మంచు మీద కాదు, హోటలు బాత్‌రూములో. అన్నయ్యను చూడ్డానికొచ్చి ఎదురు కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. తోడికోడలు పక్కన స్టూలు మీద కూర్చుని అతనికి కమలాపండు వలుస్తోంది.

"ఆసుపత్రి, అంబులెన్సు, వెనక్కొచ్చే విమానం, అంతా కంపెనీదే," అన్నాడు మరిది. "పైగా ఆ హెల్ప్‌లైను అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది, ఎలా ఉన్నారు సార్ అని."

"ఏ కంపెనీ?" అంది కామా వదిన.

అదే కంపెనీ. మంచు మీద పడనివాళ్ల కోసం రాసిన ఆ మొదటి పాలసీ.

"మీరు ఫారం నింపారా?"

"ఎందుకు నింపను? ఫోన్లోనే, రెండు నిమిషాల్లో. అన్నిటికీ లేదు, లేదు, లేదు అని టిక్కులు కొట్టుకుంటూ పోయాను. మీరు మరీ అన్నీ చదువుతారు వదినా, అదే మీతో వచ్చిన చిక్కు. ఆరేళ్లుగా నాకు షుగరుంది, పొద్దునా సాయంత్రం మాత్రలు మింగుతున్నాను. చెప్పానా? చెప్పలేదు. ఏమైంది?"

తోడికోడలి చేతిలో కమలాపండు సగం తొక్కతోనే ఆగిపోయింది.

"ఏ షుగరు?" అంది.

ఆ తర్వాత ఆ గదిలో జరిగిన నష్టం ఏ పాలసీ కిందికీ రాదు.