మరకతంలో మంచి గాలి

పటాన్‌చెరు చుట్టుపక్కల జనానికి ఇటలీ దేశం చేసినంత మేలు ఇంకెవరూ చేయలేదని నేను ఢంకా బజాయించి చెప్పగలను! నవ్వకండి. ముప్పై రెండేళ్లు ప్రభుత్వరంగ కర్మాగారంలో స్టోర్స్ విభాగం చూసి రిటైరైనవాణ్ణి. సంతకం లేకుండా ఒక్క బోల్టు బయటికి పోనివ్వలేదు. అలాంటివాణ్ణి ఊరికే మాట జారుతానా?

రింగు రోడ్డు దిగి బొల్లారం వైపు తిరగ్గానే ఓ పెద్ద అద్దాల భవనం కనిపిస్తుంది. పోయిన ఏడాది లేచింది. పేరు ‘మెర్కాతో’. ఇటాలియన్ భాషలో బజారు అని అర్థమట. లోపల ఒక మూల పాస్తా, ఒక మూల కట్టెల పొయ్యి మీద పిజ్జా, ఇంకో మూల బండి చక్రాలంత చీజు గడ్డలు. నడుమ పాలరాతి బల్లలు, కుండీల్లో ఆలివ్ చెట్లు. షేర్ ఆటో నడిపే మా నూరుద్దీన్‌కి ఆ పేరు నోరు తిరక్క మొదటి రోజే ‘మరకతం’ చేసేశాడు. ఇప్పుడు పటాన్‌చెరు బస్టాండులో “బొల్లారం, మరకతం! బొల్లారం, మరకతం!” అని కేక వినిపిస్తే, ఏదో పుణ్యక్షేత్రానికి బయల్దేరుతున్నట్టే ఉంటుంది.

ఎవరెవరు వస్తారనుకున్నారు? శని, ఆదివారాలు నగరం నుంచి కార్లు బారులు తీరతాయి. పంటల పరిశోధనకు వచ్చిన విదేశీ శాస్త్రవేత్తలు వస్తారు. మందుల ఫ్యాక్టరీలను తనిఖీ చేయడానికి దిగిన దొరలు వస్తారు. పెళ్లి కుదిరిన జంటలు ఆలివ్ చెట్ల పక్కన ఫొటోలు దిగి, ఇటలీ వెళ్లొచ్చామని బంధువులకు పంపుకుంటారు. షిఫ్టు దిగిన కుర్రాళ్లు నలుగురు కలిసి ఒక్క ఐస్‌క్రీమ్ తీసుకుని గంటన్నర కూర్చుంటారు. అంత నెమ్మదిగా ఐస్‌క్రీమ్ తినడం సాధ్యమని నాకు అంతకుముందు తెలియదు.

ఇంతమంది ఎందుకు వస్తున్నారు? రుచి కోసమా? రిసోట్టో అనేది మా ఇంట్లో నీళ్లెక్కువైన పొంగలిలా ఉంటుంది. పొలెంటా అంటే అచ్చంగా మక్క గట్క, మొక్కజొన్న సంకటి. మరి రహస్యం ఏమిటి? ఆ రహస్యాన్ని కనిపెట్టింది నేనే!

మా ఆవిడ కనకమహాలక్ష్మికి నాలుగేళ్లుగా పొడి దగ్గు. మిరియాల కషాయం తాగింది, మాత్రలు మింగింది, ఆవిరి పట్టింది. తగ్గలేదు. మొదటిసారి మరకతంలో రెండు గంటలు కూర్చుంటే ఒక్కసారి కూడా దగ్గలేదు! నేను వెంటనే జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాను. తిన్నది ఫొకాచియా రొట్టె, దగ్గు నిల్. మరో వారం పాస్తా, దగ్గు నిల్. ఆ తర్వాత రిసోట్టో, మళ్లీ నిల్. బయటికొచ్చి ఆటో ఎక్కగానే దగ్గు మొదలు!

“చూశావా? తిన్నది అరిగేసరికి గుణం పోయింది. ఇదంతా ఆలివ్ నూనె మహిమే” అన్నాను.

“తిండి వల్ల కాదేమోనండీ. లోపల ఆ కంపు లేదు, అందుకని” అంది ఆవిడ.

నేను చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. సైన్సు తెలియనివాళ్లతో వాదించడం నాకు ఇష్టముండదు.

కంపు అంటే మీకు తెలియకపోవచ్చు. సాయంత్రం కాగానే ఫ్యాక్టరీల వైపు నుంచి, కుళ్లిన క్యాబేజీని స్పిరిట్‌లో నానబెట్టినట్టు ఒక గాలి వస్తుంది. మేం కిటికీలు మూసుకుంటాం. అయినా వస్తుంది. దాన్ని ప్రగతి పరిమళమని నేనే ఈ పత్రిక కాలమ్‌లో ఒకసారి రాశాను. ఆ రచనకు ఒక కంపెనీ వాళ్లు నాకు శాలువా కూడా కప్పారు.

ఇక బీరమ్మ సంగతి చెప్పాలి. బొల్లారం దాటాక, మరకతానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఆమె ఊరు. రెండు బర్రెలు. పదకొండేళ్లు మా ఇంటికి పాలు పోసింది. పోయిన ఎండాకాలం నుంచి ఆ పాలు కాస్తే అదో రకం మందు వాసన రావడం మొదలైంది. ఆ మాట ఆమె ముఖం మీద ఎలా చెప్పను? “డాక్టరు పాలు వద్దన్నాడు బీరమ్మా” అని చెప్పి ప్యాకెట్లకు మారాం. కాలనీలో మిగతావాళ్లూ ఏదో ఒక సాకు చెప్పారు.

రెండు నెలల కిందట ఆమే మా గేటు ముందు నిలబడింది.

“సారూ, మా ఊరి పక్కన మందుల కంపెనీ ఉన్నది సూడు, గదాన్ని ఇంకింత పెద్దగ చేస్తరట. ఇప్పటికే బోరు నీళ్లు పచ్చగొస్తున్నయి. బర్లు మూతి పెడ్తలేవు. సర్కారోళ్లు మీటింగు పెడ్తరట, ఎవరికేం కష్టమున్నా చెప్పుకోమని. నా నోట్లకెళ్లి వచ్చేది ఆళ్లు రాసుకుంటరో లేదో. నువ్వు కాయితం రాసి, ఆడికొచ్చి సదవాలె.”

నేను రాశాను. మూడు పేజీలు! ‘సవినయంగా విన్నవించుకోవడం ఏమనగా’ అని మొదలుపెట్టి, ‘తమ కృపాకటాక్షాలు ప్రసరింపజేయగలరని’ అని ముగించాను. అంత గొప్ప విన్నపాన్ని నేను ఇంతకుముందు రాయలేదు. తప్పకుండా వచ్చి చదువుతానని మాట కూడా ఇచ్చాను.

మర్నాడే మధుబాబు వచ్చాడు. ఆ మందుల కంపెనీలో ప్రజాసంబంధాలు చూసే అబ్బాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట.

“సార్, ఇరవై మూడో తారీఖున మీకూ మేడమ్‌గారికీ మరకతంలో ఏడు రకాల వంటకాలతో విందు. రచయితలకు మా కంపెనీ చేస్తున్న చిన్న సత్కారం. పదకొండింటికల్లా వచ్చేయాలి.”

“ఇరవై మూడునే కదండీ ఆ ఊళ్లో మీటింగు?”

“అవునా సార్? నాకు తట్టనే లేదు” అన్నాడు. ఆ మీటింగుకు టెంటు వేయిస్తున్నది అతనే.

నేను రెండు రోజులు తీవ్రంగా ఆలోచించాను. పౌరుడికి అభిప్రాయం చెప్పే హక్కు ఉంది. చెప్పకుండా ఉండే హక్కూ ఉంది. రెండూ రాజ్యాంగబద్ధమే. కాకపోతే రెండోదానికి భోజనం ఉంది! ఆ రోజు ఉదయం నూరుద్దీన్‌కి ఫోన్ చేసి, నాకు జ్వరమని బీరమ్మకు చెప్పమన్నాను.

“నిజంగానే ఒళ్లు వెచ్చగా ఉంది తెలుసా?” అన్నాను మా ఆవిడతో.

ఆవిడ నా నుదురు ముట్టుకోలేదు. చీర మార్చుకుని వచ్చి ఆటో ఎక్కింది. దారంతా దగ్గింది, అంతే. మూడు పేజీల విన్నపం నా చొక్కా జేబులోనే ఉంది. ఎందుకు పెట్టుకున్నానో అడక్కండి.

విందు అద్భుతం! బుర్రాటా అని తెల్లటి చీజు ముద్ద తెచ్చారు. కోస్తే లోపల్నుంచి మీగడ జారింది. “పాలు ఎక్కడివి?” అని అడిగింది మా ఆవిడ. చాలా దూరం నుంచి, చల్లటి లారీలో వస్తాయని వడ్డించే కుర్రాడు గర్వంగా చెప్పాడు. ఆవిడ చెంచా కింద పెట్టేసింది. నేను ఆరో వంటకం దాటి, కోకో పొడి చల్లిన తిరమిసు అనే మిఠాయి దగ్గరికి వచ్చేసరికి పన్నెండున్నర అయింది.

అప్పుడు బయట నాలుగు ప్రభుత్వ వాహనాలు ఆగాయి. అధికారులు చేతి రుమాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకుని, దాదాపు పరిగెత్తుతూ లోపలికొచ్చారు. వెనకే మధుబాబు, చొక్కా నలిగిపోయి.

సంగతేమిటంటే, మీటింగు పూట తమ ఫ్యాక్టరీ నుంచి ఎలాంటి వాసనా రాకుండా మధుబాబు కంపెనీ వాళ్లు అన్నీ ఆపేశారు. పక్క ఫ్యాక్టరీ వాళ్లకు చెప్పడం మరిచారు! మీటింగు మొదలైన పావుగంటకు గాలి తిరిగి, ఆ కంపంతా టెంటులోకి దిగింది. పెద్దాఫీసరు మైకు వదిలేసి కారెక్కాడు. భోజనం మరకతంలోనే ఏర్పాటు చేసి ఉంది కనక, కార్లు నేరుగా ఇక్కడికే వచ్చాయి.

ఆ కార్ల వెనకే నూరుద్దీన్ ఆటో. దాని వెనక ట్రాక్టరు. అందులోంచి ఊరు ఊరంతా దిగింది, ముందు బీరమ్మ.

గార్డు చేయి అడ్డం పెట్టాడు. “ఏ అమ్మా, కిదర్?”

“సర్కారు మీటింగుకొచ్చిన. మీటింగు ఈడికి ఉరికొచ్చింది, నేను గూడ ఎన్కనే ఉరికొచ్చిన” అంది.

పెద్దాఫీసరు ఇబ్బందిగా చూసి, రానివ్వమన్నాడు. రాసుకునే గుమస్తా పాలరాతి బల్ల మీద పుస్తకం తెరిచాడు. చీజు దుకాణానికీ పాస్తా దుకాణానికీ మధ్య ప్రజాభిప్రాయ సేకరణ మళ్లీ మొదలైంది. నేను ఆలివ్ కుండీ వెనక్కి కుర్చీ జరుపుకుంటున్నాను. అంతలో బీరమ్మ నన్ను చూసింది.

“సారూ! జ్వరమన్నవట గద. ఎట్లున్నది?”

చేతిలో తిరమిసు. మూతికి కోకో పొడి. “ఇప్పుడు కాస్త తగ్గింది” అన్నాను.

ఆమె తల ఊపి గుమస్తా బల్ల వైపు నడిచింది. తిట్టినా బాగుండేది.

పెద్దాఫీసరు అప్పటికి తేరుకున్నాడు. చల్లటి నీళ్లు తాగి, గట్టిగా ఊపిరి పీల్చి అన్నాడు. “చూడమ్మా, మీ ఊరు ఇక్కడికి రెండు కిలోమీటర్లే. మరి ఇక్కడ వాసనేమీ లేదే?”

“అవు సారూ, లేదు. అద్దాలు బిగించుకున్నరు గద.” బీరమ్మ ఒకసారి పైకీ కిందికీ చూసింది. తర్వాత తిన్నగా నడిచి, ఆ పెద్ద గాజు తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, గడప మీద కూర్చుంది. “ఇగ అడుగు.”

అర నిమిషం పట్టలేదు. మరకతం నిండా కుళ్లిన క్యాబేజీ! చీజు ముందు నిలబడ్డ విదేశీయుడు ఒకాయన గడ్డకేసి వంగి, ఆహా బాగా మాగిందని తల ఆడించాడు. ఆ దుకాణం వంటవాడు కంగారుపడి గడ్డలన్నీ వాసన చూడటం మొదలుపెట్టాడు. పెళ్లి ఫొటోలకు వచ్చిన పిల్ల కొంగుతో ముక్కు మూసుకుంది. “తలుపెయ్యండి! ఎవరైనా ఆ తలుపెయ్యండి!” అని మధుబాబు అరిచాడు.

మా ఆవిడ లేచింది. తలుపు వేయడానికే అనుకున్నాను. వెళ్లి, పట్టుచీరతో బీరమ్మ పక్కన గడప మీద కూర్చుంది. కూర్చుని దగ్గడం మొదలుపెట్టింది. అలా దగ్గుతూనే నావైపు చూసింది.

ఆ చూపు తర్వాత ఆలివ్ చెట్టు వెనక దాక్కోవడం కుదరలేదు. లేచి, జేబులోంచి కాగితం తీశాను. “సవినయంగా విన్నవించుకోవడం ఏమనగా...”

“ఆ సవినయం ఎందుకండీ! ఉన్నది చెప్పండి!” అంది ఆవిడ దగ్గు మధ్యలో.

కాగితం మడిచేశాను. “అయ్యా, నేను దుర్గాప్రసాద్. పదకొండేళ్లు ఈ బీరమ్మ దగ్గర పాలు కొన్నాను. పోయిన ఏడాది ఆ పాలల్లో మందు వాసన వచ్చి మానేశాను. డాక్టరు వద్దన్నాడని ఆమెకు అబద్ధం చెప్పాను. ఏ డాక్టరూ వద్దనలేదు. మా కాలనీలో అందరూ ఇలాగే మానేశారు. ఈరోజు నాకు జ్వరం కూడా లేదు. ఈ భోజనం మధుబాబు పెట్టించాడు.”

బీరమ్మ గడప మీది నుంచే నావైపు తిరిగింది.

“గట్లనా సారూ? నేనింక, సారుకు పానం బాగలేదు, ఎట్లున్నడో ఏమోనని ఎల్లమ్మకు మొక్కుకున్న.”

ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఎన్నో మెమోలు అందుకున్నాను. ఏదీ ఇలా తగల్లేదు.

పెద్దాఫీసరు రుమాలు మూతికి అడ్డం పెట్టుకునే, గుమస్తాతో అన్నాడు. “పాల సంగతి రాసుకో. వాసన సంగతి కూడా. మనమే స్వయంగా చూశామని రాయి.” ఆ తర్వాత ఊరి వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. ముప్పై ఏడు మంది. తలుపు చివరిదాకా తెరిచే ఉంది.

నెల తిరిగింది. విస్తరణకు అనుమతి ఇంకా రాలేదు, నిరాకరించనూ లేదు. ఫైలు ‘పరిశీలనలో’ ఉందట. మేం మళ్లీ పాలు పోయించుకుంటామని మా ఆవిడ కబురు పెడితే, “ఒద్దమ్మా, నా బర్ల పాలు నా మనవరాలికే పోస్తలేను” అని తిరిగి కబురు పంపింది.

అయినా నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. ఇటాలియన్ల చురుకుదనం ఇంకెవరికి వస్తుంది చెప్పండి? ఇన్నేళ్లుగా ఎన్ని అర్జీలు పెట్టినా కదలని గాలి సమస్య మీద మరకతం వాళ్లు వారం రోజుల్లో చర్య తీసుకున్నారు! గాజు తలుపు వెనక ఇంకో గాజు తలుపు పెట్టించారు. మొదటిది మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. ఇక ఎవరు గడప మీద కూర్చున్నా కంపు లోపలికి రాదు.

బీరమ్మ ఇంటికి ఉన్నది ఒక్కటే తలుపు. రేకుల కప్పు కింద ఉడికిపోతారు కనక, దాన్ని తెరుచుకునే పడుకుంటారు.