అత్తగారి ఎడమ చెవి

ఆ రోజు పొద్దున గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసు తెరిచే వేళకి ఎడమ చెవి పూర్తి చెయ్యాలి. కుడి చెవి కుదిరింది. ఎడమది మాత్రం ఎన్నిసార్లు చేసినా ఎండుటాకులా ముడుచుకుపోతోంది. అందుకే కాఫీ తాగుతూ, ఎదురుగా పేపరు చదువుకుంటున్న అత్తగారి ఎడమ చెవినే తదేకంగా చూస్తున్నాడు.

ఆ చెవికి రవ్వల కమ్మ ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అత్తగారు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. టికెట్ లేనివాడు పెట్టెలో అడుగుపెడితే నడక చూసి పట్టేస్తుందని పేరు. ఉద్యోగం వదిలినా ఆ చూపు ఆవిణ్ణి వదల్లేదు. పాల ప్యాకెట్టునైనా అటూ ఇటూ తిప్పి చూసిగానీ ఇంట్లోకి రానివ్వదు.

గుమాస్తాకి మట్టితో మనుషుల తలలు చెయ్యడం చదువుకునే రోజుల్లో అంటుకున్న పిచ్చి. పెళ్ళయ్యాక మానేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. కూతురు పుట్టాక మానేశాడు, మొదలుపెట్టాడు. మణికట్టు విరిగినప్పుడు మానేసి, కట్టు విప్పగానే మొదలుపెట్టాడు. మొదలుపెట్టిన ప్రతిసారీ ఊరంతా చాటింపు వేశాడు. మానేసిన ప్రతిసారీ చుట్టాలు "బొమ్మలు ఎంతదాకా వచ్చాయి?" అని అడిగి అడిగి చంపారు. ఆఖరుసారి అత్తగారు వచ్చి ఖాళీ గదిలో దిగడంతో మట్టి తొట్టి బాల్కనీకి పోయి, ఎండకి బండరాయైంది.

ఈసారి ఎవరికీ చెప్పదల్చుకోలేదు. చెప్పి మానెయ్యడం కంటే చెప్పకుండా మానెయ్యడమే గౌరవం అనుకున్నాడు. అతను పనిచేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో. ఆఫీసు తాళాలు అతని దగ్గరే ఉంటాయి. రోజూ అరగంట ముందు వెళ్ళి, పాత ఇనుప సామాను పడేసిన స్టోరు గదిలో మట్టి పిసికి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు సీట్లో కూర్చుంటాడు. తనిఖీలు జరిగినా, జలుబు చేసినా, ఒక్క ముద్దయినా ముట్టకుండా ఉండడు.

ఆ పొద్దున అతను అటు వెళ్ళగానే అత్తగారు తన కూతురి దగ్గరికి వచ్చింది.

"మీ ఆయన నా కమ్మల మీద కన్నేశాడే."

కూతురు లెక్కల టీచరు. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోదు. "అమ్మా, ఆయన నెత్తిమీదున్న కళ్ళజోడే కనిపెట్టలేరు. నీ కమ్మలేం చేసుకుంటారు?"

"ఆ చూపు నాకు తెలుసు. టికెట్ లేనివాడు బాత్రూం తలుపుకేసి అలాగే చూస్తాడు."

కూతురు నవ్వింది. కానీ ఆమె మనసులోనూ ఒక ముల్లుంది. కొన్నాళ్ళుగా భర్త గోళ్ళలో మట్టి ఉంటోంది. ప్యాంటు జేబులో కూడా ఉంటోంది. అడిగితే "ఆఫీసులో పనుంది" అంటున్నాడు. కాగితాలు రాసేవాడికి మట్టి ఎలా అంటుతుంది? ఆ మాట తల్లితో అనడమే ఆమె చేసిన పొరపాటు.

"ఇంకేం! ఎక్కడో పాతిపెడుతున్నాడు."

"ఏం పాతిపెడతారమ్మా? మనింట్లో ఇంతవరకూ ఏదీ పోలేదుగా?"

"గొయ్యి ముందే తవ్వి ఉంచుకునేవాళ్ళు కూడా ఉంటారు" అంది అత్తగారు.

ఆ సాయంత్రం అల్లుడు స్నానానికి వెళ్ళగానే ఆవిడ అతని భోజనం సంచీ తనిఖీ చేసింది. అడుగున సన్నటి ఇనుప తీగ దొరికింది. దానికి రెండు చివర్లా చెక్క పిడులున్నాయి. మట్టి ముద్దని కోసే తీగ అది. ఆ సంగతి ఆవిడకేం తెలుసు? పిడులు రెండు చేతులా పట్టుకుని, బల్లమీదున్న నీళ్ళసీసా మెడకి ఒక చుట్టు చుట్టి లాగి చూసింది. పక్కనే ఉన్న కూతురు ఆ సీసాని చటుక్కున తీసి అవతల పెట్టింది. కూతురి మొహంలో నవ్వు మాయమైంది.

అక్కడ ఆఫీసులో మేనేజరుకీ నిద్ర పట్టని రోజులొచ్చాయి. ఆయనకి చెముడు. చెవి వెనక చిన్న మిషను పెట్టుకుని, అది కనబడకుండా జుట్టు పెంచుకున్నాడు. ఫిర్యాదులు వినాల్సిన కుర్చీలో వినపడనివాడు కూర్చున్నాడని పైవాళ్ళకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? అలాంటిది, ఈ గుమాస్తా నాలుగు రోజులుగా ఫైలు పట్టుకొచ్చి, సంతకం అయ్యేదాకా తన చెవి దగ్గరే చూపు నిలుపుతున్నాడు. ఒకసారైతే మెడ వంచి మరీ చూశాడు. అడిగితే, "ఏం లేదు సార్, చెవి తమ్మె ఎక్కడ అతుక్కుంటుందో అని" అన్నాడు. మేనేజరుకి 'అతుక్కుంటుందో' ఒక్కటే వినపడింది. వీణ్ణి పైవాళ్ళే పెట్టారనీ, పొద్దున్నే వచ్చి తన సొరుగులు వెతుకుతున్నాడనీ నిర్ధారించుకున్నాడు. మర్నాడు తానూ పెందలాడే వచ్చి పట్టుకోవాలని తీర్మానించాడు.

మర్నాడు కాఫీ దగ్గర అత్తగారి చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మలు తీసి ఎక్కడో దాచింది. గుమాస్తా కాఫీ తాగడం మరిచిపోయాడు. కమ్మ బరువుకి సాగిన తమ్మెనే అతను మట్టిలో చేస్తున్నాడు మరి.

"అత్తయ్యగారూ, కమ్మలేవండీ?"

"ఎందుకు బాబూ?"

"అవి లేకపోతే నా పని ఆగిపోతుంది" అనేసి, నాలిక్కరుచుకుని, సంచీ అందుకుని బయటపడ్డాడు.

అత్తగారు కప్పు కింద పెట్టింది. "విన్నావుగా, రుజువు! చెప్పులేసుకో" అంది.

ఇద్దరూ ఆటో ఎక్కి అతని వెనకే ఆఫీసు చేరారు. వీధి తలుపు తెరిచే ఉంది. లోపల మనిషి లేడు. వరండా చివర స్టోరు గది తలుపు దగ్గర మాత్రం పొడుగు జుట్టాయన ఒకడు గోడకి బల్లిలా అంటుకుని నిలబడ్డాడు.

"ఎవరు మీరు?" అంది అత్తగారు, ఆయన చెవి దగ్గరికి వంగి, గుసగుసగా.

"మేనేజర్ని. మీరు?"

"లోపలున్నవాడి అత్తగార్ని."

గది లోపల ధప్పుమని చప్పుడైంది. తరవాత గుమాస్తా గొంతు వినపడింది. "ఇలా లాభం లేదు అత్తయ్యగారూ. ఈ చెవి కోసెయ్యాల్సిందే."

అత్తగారు రెండు చెవులూ మూసుకుంది. "ఏమంటున్నాడు?" అన్నాడు మేనేజరు.

"చెవి కోస్తాట్ట!"

"సెలవు కావాలట్టా?"

"సెలవు కాదండీ, చెవి! చెవి!" అంది గుమాస్తా భార్య. మేనేజరు చెయ్యి చప్పున జుట్టు కిందికి పోయింది. "అయితే తెలిసిపోయిందన్నమాట" అన్నాడు, నీరసంగా.

"మెడకి తీగ వేస్తే ఒక పనైపోతుంది" అంది లోపలి గొంతు.

అత్తగారు ఇక ఆగలేదు. "టికెట్!" అని రైలుపెట్టె దద్దరిల్లేలా అరిచి, తలుపు తోసింది.

గుమాస్తా రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో తీగ ఉంది. రెండో అరచేతిలో చెవి ఉంది. మట్టి చెవి. అతని ముందు స్టూలు మీద అత్తగారి తల, ఒంటి చెవితో, వచ్చినవాళ్ళందర్నీ అనుమానంగా చూస్తోంది. వెనక అలమరలో తడిగుడ్డలు కప్పిన తలలు వరసగా ఉన్నాయి. భార్య ఒక్కొక్క గుడ్డే తీసింది. అన్నీ అత్తగార్లే. మొదటిది గుమ్మడికాయలా ఉంది. పోనుపోను మనిషి అవుతూ వచ్చింది.

"మళ్ళీ మొదలుపెట్టారా?" అంది భార్య. "నాకెందుకు చెప్పలేదు?"

"మళ్ళీ మానేస్తే నువ్వు ఏమీ అనవు. అదే నేను చూడలేను."

ఆమె ఆరిపోతున్న గుడ్డ ఒకటి తీసుకెళ్ళి తడిపి తెచ్చింది.

అత్తగారు స్టూలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "ముక్కు నాది కాదు. మా అత్తగారిది" అంది. "ఇంతమంది ఉండగా నా మొహమే ఎందుకు దొరికింది మీకు?"

"ఇంట్లో మీరొక్కరే కదలకుండా కూర్చుని నన్నే అనుమానంగా చూస్తారండీ. అలాంటి కళ్ళు ఇంకెవరికీ లేవు."

జీవితంలో ఆ చూపుని మెచ్చుకున్న మొదటి మనిషి అల్లుడే. ఆవిడ పమిట సర్దుకుంది.

"కంపెనీ గదిలో ఈ మట్టేమిటి? నేను పైకి రాయాల్సి..." అని మేనేజరు మొదలెట్టాడు.

"రాయండి. 'చెవి అంటే నాకు సెలవు అని వినపడింది' అని కూడా రాయండి" అంది అత్తగారు. మేనేజరుకి అది మాత్రం స్పష్టంగా వినపడింది. ఆ గదిలో పాత ఇనుము తప్ప ఏమీ లేదని అక్కడికక్కడే తేల్చి, తన గదికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి అత్తగారు కమ్మలు పెట్టుకుని, అల్లుడి కంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది. వానని, ఒళ్ళునొప్పులని అతను సాకు చెప్పబోతే, "నిన్న బానే ఉన్నారుగా?" అని నాడి పట్టుకుని చూసేది. ఏళ్ళ తరబడి అతని పట్టుదల చెయ్యలేని పని ఆవిడ కాపలా చేసింది. మట్టి ఆరలేదు, చెయ్యి ఆగలేదు, ఎడమ చెవి అచ్చుగుద్దినట్టు కుదిరింది.

ఇంతలో కొత్త ఇబ్బంది వచ్చిపడింది. అల్లుడు బంగారంలాంటివాడని ఆవిడకి నమ్మకం కుదిరిపోయింది. దాంతో చూపు మెత్తబడింది. స్టోరు గదిలో అతని ఎదురుగా కూర్చున్నంతసేపూ చల్లగా నవ్వుతోంది. మట్టిలో ఉన్న కళ్ళకీ ఎదురుగా ఉన్న కళ్ళకీ పోలికే లేకుండా పోయింది.

ఒక సాయంత్రం నుంచి గుమాస్తా ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, అవతల ఎవరూ లేకపోయినా, అత్తగారికి సగం సగం వినపడేలా గుసగుసలాడటం మొదలుపెట్టాడు.