‘పుదీనా కట్ట’ పందొమ్మిదో భాగ మహాసంగ్రామం

సహస్రకిరణుడైన సూర్యుడు మచ్చ బొల్లారం డాబాల మీద ఆరవేసిన లుంగీలనూ చీరలనూ సమదృష్టితో అనుగ్రహిస్తున్న వేళ, ఇడ్లీబండ్ల ఆవిరి హోమధూమమై ఎగసి వీధివీధినా జఠరాగ్నులను మేల్కొలుపుతున్న వేళ, అల్వాల్ నుండి శామీర్‌పేట దాకా రాజీవ్ రహదారి సర్వవాహన సంకులమై హారన్ల శంఖారావాలతో దద్దరిల్లుతున్న వేళ, మంగళవారం నాడు, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, ఔషధ పరీక్షా విశారదుడూ, మాత్రల నాణ్యతా నిర్ణయ ధురంధరుడూ, ఇరవై ఎనిమిదేళ్ల అవివాహితుడూ అయిన అభిలాష్ కంపెనీ క్యాబ్ ఎక్కి, కిటికీ పక్కన ఆసీనుడై, ఫోన్ తెరిచి, హతాశుడయ్యాడు.

రెండు వందల పన్నెండు కామెంట్లు!

వాటిలో ప్రశంస ఒక్కటి. మిగిలినవన్నీ బాణాలు.

ఈ వీరుడి పూర్వవృత్తాంతం కొంత వినాలి. వారమంతా తుర్కపల్లి ల్యాబులో మాత్రలు నీళ్లలో ఎన్ని నిమిషాలకు కరుగుతాయో చూసే ఈ అభిలాష్, ఆదివారాలు మాత్రం ‘మేడ్చల్ మేఘం’ అనే మారుపేరు ధరించి, ‘కథల కొట్టం’ అనే ఆన్‌లైన్ పాఠకసభలో ఒక ధారావాహిక రాసేవాడు. దాని పేరు ‘పుదీనా కట్ట’. మేడ్చల్ అంచున పుదీనా పండించే మధుసూదన్, మేడ్చల్ నుండి శామీర్‌పేటకు నడిచే బస్సులో కండక్టర్ రవీందర్, ఈ ఇద్దరు మగవాళ్ల ప్రేమగాథ అది. పుదీనా మూటకు లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని మొదటి భాగంలో ఘోరంగా కలహించిన ఆ ఇద్దరూ, పద్దెనిమిదో భాగంలో, ఖాళీ బస్సు చివరి సీట్లో, చిట్టచివరికి చేయీ చేయీ పట్టుకున్నారు. ఆ ఒక్క కరగ్రహణం కోసం పాఠకలోకం పద్దెనిమిది వారాలు తపస్సు చేసింది. ఆ దినాన కథల కొట్టంలో ఎర్రని హృదయచిహ్నాలు కుంభవృష్టిగా కురిశాయి. కొంపల్లిలో ఒక పాఠకుడు ఆనందం పట్టలేక ఆఫీసంతా మిర్చిబజ్జీలు పంచి, ఎందుకని అడిగినవాళ్లకు మేనకోడలు పుట్టిందని చెప్పాడట.

అంతటి ప్రజాదరణ పొందిన ప్రభువు, నిన్న సాయంత్రం వెలువరించిన పందొమ్మిదో భాగంలో చేసిన ఘోరకార్యం ఏమిటి? మధుసూదన్ చేత పెళ్లికి తల ఊపించాడు. ఇంట్లో వాళ్లు చూసిన పిల్లకు సరే అనిపించాడు. రవీందర్ టికెట్ మిషన్ మీద ఒక్క కన్నీటిచుక్క రాల్చి భాగం ముగించాడు.

ఎందుకలా రాశాడన్నది అతనికి తప్ప వేరెవరికీ తెలియని రహస్యం. శనివారం రాత్రి అన్నం వడ్డిస్తూ తల్లి సత్యమ్మ, “అచ్చే ఆదివారం పిల్లను సూడవోతున్నం బిడ్డా, మంచి సంబంధం, లేదనకు,” అన్నది. మాత్రల లోపాన్ని మిల్లీగ్రాము దాకా పట్టుకోగల ఆ ధీరుడు లేదనలేక తల ఊపాడు. మరునాడు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ వంగిన తల బరువు తానొక్కడే మోయలేక, తీసుకువెళ్లి మధుసూదన్ మెడ మీద పెట్టాడు.

ఇక యుద్ధం.

ఎవరెవరు ఎత్తివచ్చారు? ‘మెత్తటి పరుపు’ అనే పాఠకుడు వచ్చాడు: “ఆఫీసు బాత్రూంల కూసొని ఏడ్చిన. మా మేనేజర్ సూసి, ఎవరో పోయిండ్రనుకొని రెండు రోజులు లీవిచ్చిండు.” ‘బీకాం సెకండ్ క్లాస్’ వచ్చాడు: “కథ సంగతి తర్వాత. పుదీనా కాడలు నాటుతరు, విత్తనాలు సల్లరు. మూడోసారి చెప్తున్న.” ‘చీకటి చంద్రుడు’ అనే విషాదప్రియుడు ఒక్కడే “విడిపోతేనే నిజమైన ప్రేమ, శభాష్” అని పొగడ్త పంపగా, అతని మీద అరవై నాలుగు మంది ఒక్కుమ్మడిగా విరుచుకుపడి అతని వాదాన్ని పిండి పిండి చేశారు. ముప్పై ఒక్క మంది కలిసి అల్టిమేటం ఇచ్చారు: ఈ సాయంత్రం నాలుగింటి లోపల జవాబు రాకుంటే మూకుమ్మడిగా కొట్టం విడిచిపోతాం!

సాయంత్రం నాలుగు! అభిలాష్ గుండె ఝల్లుమంది. ఎందుకంటే వారి కంపెనీలో ఎనిమిదిన్నరకు గేటు దగ్గర ఫోన్లు అప్పగించాలి. తిరిగి చేతికొచ్చేది అయిదున్నరకు. అంటే ఈ వీరుడికి మిగిలింది యాభై నిమిషాలు. ఫోన్లో మిగిలిన ఛార్జింగ్ తొమ్మిది శాతం.

అప్పుడతడు రోషారుణలోచనుడై మనసులోనే ఇలా గర్జించాడు: “ఓ పాఠకులారా! కృతఘ్నశిఖామణులారా! ఎవని లేఖినీప్రవాహంలో పద్దెనిమిది వారాలు ఓలలాడితిరో, వానినే నేడు ముంచ జూచుచున్నారా? సృష్టికర్తను నేను! ఈ పుదీనామడికి ప్రభువును నేను! నా పాత్రల శిరస్సులు నా ఇచ్ఛానుసారమే ఊగును!”

ఇంత ఘనమైన గర్జన వేళ్ల చివరికి దిగేసరికి, “రచయితకు స్వేచ్ఛ ఉంటుంది కదండీ” అనే నాలుగు మాటలుగా చిక్కిపోయింది. పంపాడు. తొమ్మిది సెకన్లు గడవకముందే ‘నిమ్మసోడా’ అనే మహాయోధ ఎదురుబాణం వదిలింది: “స్వేచ్ఛ మీకుంటది, మధుకుండదా?” దాని కింద క్షణంలో నలభై చప్పట్ల గుర్తులు!

ఈ నిమ్మసోడా సామాన్యురాలు కాదు. మొదటి భాగం నుండీ ప్రతి వాక్యాన్నీ కంటికి రెప్పలా కాచినది, ప్రతి తప్పునూ చెవి పట్టి లాగినది. ఆమె మెచ్చుకున్న రోజున అభిలాష్ రెండు టీలు ఎక్కువ తాగేవాడు. అట్టి నిమ్మసోడా మరో అస్త్రం సంధించింది.

“సరే, మధు తల ఊపిండు. మరి గా పిల్ల ఏం పాపం జేసింది? ఆమెకు ఓ పేరు గూడ వెట్టలే మీరు.”

క్యాబ్ హకీంపేట దాటుతోంది. అభిలాష్ చేతిలో ఫోన్ రాయిలా బరువెక్కింది. కథలోని పిల్లకు పేరు పెట్టని మాట నిజం. కానీ ఆదివారం తాను చూడబోయే పిల్ల పేరు? అదీ అడగలేదు! మూడు రోజులుగా ఆమె నుండి ఎలా తప్పించుకోవాలని ఆలోచించాడే తప్ప, ఆమె పేరేమిటని ఒక్కసారీ అనుకోలేదు. రెండు వందల పదకొండు బాణాలకు చెక్కుచెదరని కవచం ఆ ఒక్క వాక్యానికి నిట్టనిలువునా చీలింది.

సరిగ్గా అప్పుడు ముందు సీట్లోంచి గాజులు గలగలలాడాయి.

అక్కడ కూర్చున్నది వినోద, పక్క విభాగంలో సీనియర్, అల్వాల్ వాస్తవ్య, నలభై ఏళ్లది, ఇద్దరు పిల్లల తల్లి. రోజూ అభిలాష్ వెనక సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాడు కాబట్టి ముందు సీట్ల ముచ్చట ఎన్నడూ వినలేదు. నేడు ఇయర్‌ఫోన్లు ఇంట్లో మరిచాడు, వెనక సీటు నిద్రపోతున్న ఇద్దరికి దక్కగా తాను నడి వరుసలో కూర్చున్నాడు.

“సూసినవా ఇస్తారన్నా, గట్ల రాసిన,” అంటోంది వినోద డ్రైవర్‌తో. “గా పిల్లకు పేరన్న లేదని. ఇగ రైటర్ నోరు వడిపోయింది. సప్పుడే లేదు.”

అభిలాష్ శరీరం రోమాంచితమైంది. నిమ్మసోడా! ఏ మహాయోధ శరపరంపరకు తాను పందొమ్మిది వారాలుగా వణికిపోతున్నాడో ఆమె మూరెడు దూరంలో, మల్లెచెండు పెట్టుకుని, ఒళ్లో టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉంది!

“నా తరఫున గూడ రాయి బిడ్డా,” అన్నాడు ఇస్తారి. ఆయన యాభై అయిదేళ్ల వాడు, గంభీరమైన మీసాల వాడు. ప్రతి సోమవారం సాయంత్రం వినోద తిరుగుదారిలో చదివి వినిపించగా ‘పుదీనా కట్ట’ మొత్తం విన్నవాడు. “మేడ్చల్ మేఘం సారుకు ఇస్తారి నమస్కారం వెట్టి రాయునది ఏమనగ… నేను ఇరవై ఏండ్ల సంది బండి నడుపుతున్న. బండి మలుపుడు తప్పు గాదు సారూ. ఇండికేటర్ ఏయకుంట మలిపితె ఎన్కొచ్చేటోల్లు సస్తరు. మధు పోరడు ఇంట్ల జెప్పాలె. గా రవీందర్‌ను గట్ల ఏడిపియ్యొద్దు. నాకు రాత్రి బువ్వ దిగలే.”

“రాసిన,” అంది వినోద. అభిలాష్ ఫోన్ వణికింది. ఇస్తారి నమస్కారం వచ్చి చేరింది.

అంతట ఆ వీరుడు తూముకుంట దగ్గర ధైర్యాన్ని పోగుచేసుకున్నాడు. ఎట్టి ధైర్యం! లక్ష సైన్యాలను గెలిచినవాడికైనా కన్నతల్లికి ఫోన్ చేసి నిజం పలకడానికి కావలసిన ధైర్యం! ఛార్జింగ్ ఆరు శాతం ఉండగా అతడు ఇంటికి ఫోన్ కలిపాడు.

“అమ్మా, గా పిల్ల పేరేంది?”

సత్యమ్మ ఆనందం క్యాబంతా వినిపించింది. “వర్ష రా! పేరడుగుతున్నవంటే నచ్చినట్టేనా?”

“లేదమ్మా. ఆదివారం వోవొద్దు. నేను ఆ పిల్లను జేసుకోను. ఏ పిల్లనూ జేసుకోను. వాల్లకు ఇయ్యాల్నే చెప్పు, పాపం ఆమెను తయారుజేసి కూసోవెట్టొద్దు.”

అవతల సత్యమ్మ పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది.

“ఎందుకు రా?”

“సాయంత్రం ఇంటికొచ్చినంక చెప్త. కూసొని చెప్పే ముచ్చట.”

“సరే,” అంది సత్యమ్మ నెమ్మదిగా. “నాకు పరేషాన్ అయితాంది గని, సరే. తిన్నవా?”

“తిన్న.”

ముందు సీట్లో గాజుల చప్పుడు ఆగిపోయింది. అద్దంలో ఇస్తారి మీసాలు కదలలేదు. అభిలాష్ ఇదేదీ గమనించలేదు. అతని బొటనవేళ్లు రెండు గుర్రాల వలె తెర మీద దౌడు తీస్తున్నాయి.

“పందొమ్మిదో భాగం వెనక్కి తీసుకుంటున్నాను. మధు తల ఊపలేదు. ఇంట్లో చెప్తాడు. ఆ పిల్లకు పేరుంటుంది, మాటా ఉంటుంది. క్షమించండి.”

పంపాడు. శామీర్‌పేట చెరువు నిండుగా మెరుస్తూ కిటికీలోంచి వెనక్కి పోతోంది. తెర మీద ఒక చిన్న చక్రం ప్రత్యక్షమై తిరగసాగింది. తిరిగింది. తిరిగింది. సిగ్నల్ గీతలు నాలుగు మూడై, మూడు ఒకటై, ఆ ఒకటీ అంతర్ధానమైంది. ఛార్జింగ్ మూడు శాతం. సమయం ఎనిమిదీ ఇరవై. అలియాబాద్ వచ్చింది, చక్రం తిరుగుతూనే ఉంది. తుర్కపల్లి దాపులకు వచ్చారు, చక్రం తిరుగుతూనే ఉంది! అభిలాష్ ఫోన్‌ను కిటికీ బయటికి చాచాడు, నెత్తి మీదికి ఎత్తాడు, గుండెకు హత్తుకున్నాడు. వీరులకు తగని పని అయినా దాన్ని ఒకసారి తొడకు కొట్టాడు కూడా.

“కాకా, బండి జర ఆపు!” అని కేక పెట్టాడు.

“ఏమైంది సారూ, కడుపుల తిప్పుతాందా?”

“సిగ్నల్ లేదు కాకా!”

“గేటు మూస్తరు సారూ, ఇంక అయిదు నిమిషాలే ఉంది!”

వినోద వెనక్కి తిరిగింది. ఆమె చూపు అభిలాష్ ముఖం నుండి ఫోన్ మీదికి దిగింది. అక్కడ, తిరుగుతున్న చక్రం పక్కన, మారుపేరు కనిపించింది.

“నువ్వా?” అంది. “మేడ్చల్ మేఘం నువ్వా? నా పక్క ల్యాబుల ఉంటవు, రోజు గుడ్ మార్నింగ్ అంటవు, నన్ను రాత్రంత ఏడిపిస్తవా నువ్వు!”

టిఫిన్ డబ్బా ఆయుధమై పైకి లేచింది. అభిలాష్ కళ్లు మూసుకున్నాడు.

“కొట్టు అక్కా, కానీ మొదలు గిది పోనియ్యి. ఒకసారి సదువు.”

ఆమె చదివింది. పైకెత్తిన డబ్బా గాలిలోనే ఆగింది. శత్రుపక్షపు మహాయోధ కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే కళ్లలోకి యుద్ధోత్సాహం ఎక్కింది. “నా ఫోన్ల నెట్ మస్తుగొస్తాంది. హాట్‌స్పాట్ ఆన్ జేస్తున్న, జల్దీ కలుపు! పాస్‌వర్డ్ నిమ్మసోడా. అన్ని సిన్న అక్షరాలే!”

“అక్కా, తప్పువడుతాంది!”

“ఇటియ్యి!” అని ఫోన్ లాక్కుని తానే కొట్టింది. ఇస్తారి, ఇరవై ఏళ్ల డ్రైవింగ్ ప్రతిష్ఠను పణంగా పెట్టి, బండిని ఎద్దులబండి వేగానికి దించాడు. వెనక హారన్లు ఆకాశాన్ని చీల్చాయి. ఆయన తొణకలేదు. వెనక సీటు నిద్రమూర్తుల్లో ఒకడు లేచి, “గేటొచ్చిందా?” అన్నాడు. “ఊకో, యుద్ధం నడుస్తాంది,” అని గద్దించాడు ఇస్తారి.

చక్రం ఆగింది.

కామెంట్ వెళ్లింది.

ఫోన్ తన ఆఖరి శాతాన్ని ధర్మకార్యానికి ధారపోసి కన్నుమూసింది. సమయం ఎనిమిది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. ఇస్తారి గేరు మార్చి గేటు మూతపడే లోపల బండిని లోపలికి దూకించాడు.

దిగాక వినోద తన ఫోన్ అప్పగించే ముందు ఒక్క క్షణం ఆగి, తెర చూసి, అభిలాష్ మోచేయి గట్టిగా పట్టుకుంది. జవాబులు జలపాతంలా వస్తున్నాయి. వాటి నడుమ, ఎన్నడూ ఎవరూ చూడని పేరుతో ఒకటి. పందొమ్మిది వారాలుగా ఒక్క అక్షరమైనా రాయకుండా చదివిన ఎవరో గాజులరామారం మనిషి రాశాడు: “థాంక్స్.” అంతే.

ఇద్దరూ ఆ ఒక్క మాటను రెండుసార్లు చదివారు.

“మధు నువ్వేనా తమ్మీ?” అని వినోద గొంతు తగ్గించి అడిగింది.

“సగం.”

“మరి రవీందర్?”

అభిలాష్ చెవులు ఎర్రబడ్డాయి. “ఇంక దొర్కలే అక్కా.”

కిటికీలోంచి తల బయటికి పెట్టి వింటున్న ఇస్తారి, “దొర్కుతడు తియ్ సారూ,” అన్నాడు. “బస్సులు మస్తున్నయి.”

లోకులారా, ఆలకించండి! ఆ మంగళవారం ఎనిమిదిన్నర గంటలకు రాజ్యమేదీ చేతులు మారలేదు, కోట ఏదీ కూలలేదు. పదిహేనే పదిహేను మాటల కామెంట్ ఒకటి మాత్రం, అరువు నెట్‌వర్క్ మీద, రెండు నిమిషాల వ్యవధి ఉండగా, చేరవలసిన చోటికి చేరింది. దిగ్విజయం చేసి వచ్చిన చక్రవర్తి ఖడ్గాన్ని ఒరలో దించినట్టు, అభిలాష్ చచ్చిన ఫోన్‌ను సెక్యూరిటీ ట్రేలో దించి, ఛాతీ విరుచుకుని, ఈల వేసుకుంటూ, మాత్రలు కరిగించడానికి లోపలికి నడిచాడు.