గులాబీ చీటీ మీద ఉదాహరణ

ఆ శుక్రవారం పొద్దున ఎల్డన్ థేయర్ అద్దం ముందు టై మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పాడు. వెర్మాంట్‌లోని ఆ చిన్న ఊళ్ళో మంచు మోకాలి లోతున పేరుకుని ఉంది. ఈ చలిలో టై ఎవడు చూస్తాడని భార్య ఐడా నవ్వింది.

"ఏంటీ సింగారం? నిఘంటువులో నీ ఫోటో వేస్తున్నారా?"

"ఫోటో కాదు, నేను రాసిన అర్థం. మూడింటికి ట్రస్టీల ముందు చదువుతారు. పదకొండు నెలలు కుస్తీ పట్టాను దాంతో."

"పదకొండు నెలల్లో ఎన్ని మాటలు రాశావేంటి?"

"ఐదు," అన్నాడు ఎల్డన్, ఛాతీ విరుచుకుని.

ఐడా అతని పాన్‌కేకుల మీద మేపుల్ పాకం ఇంకాస్త పోసింది.

గర్వపడడంలో తప్పేముంది? ఆచారానికి, అలవాటుకు ఎదురు నడిచే పనిని చెప్పే మాట అది. మనం 'కట్టు తప్పినది' అంటామే, అదే. పాత కూర్పులో దానికి పదిహేను పంక్తుల అర్థం ఉండేది, చదివినవాడికి తెలిసింది కూడా మరుపున పడేది. ఎల్డన్ దాన్ని చిలికి చిలికి వెన్న తీశాడు: 'నలుగురూ నడిచే దారిని కాదని నడిచేది.' ట్రస్టీలు ఔనంటే అచ్చుకు వెళ్తుంది. కాదంటే ఆ మాట పక్క బల్ల హెస్టర్ పాలవుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కొలువులో ఆయనకు అంతకు మించిన భయం లేదు.

ఇక మిగిలింది ఒక్క ఉదాహరణ వాక్యం. ఆ నిఘంటువు ఆఫీసులో మాట్లాడకూడదు. పన్నెండు బల్లల దగ్గర పన్నెండుమంది సంపాదకులు నోరు కుట్టుకుని కూర్చుంటారు, ఏం చెప్పాలన్నా చీటీయే. ఉదాహరణలకు తెల్ల చీటీ, ఉత్తర్వులకు గులాబీ చీటీ. గులాబీది కనిపిస్తే చదివి, పొడి అక్షరాలు వేసి, పక్క బల్లకు జరపాలి. ఆ రోజు ఎల్డన్ సొరుగులో తెల్ల చీటీలు నిండుకున్నాయి. ఒక్కదానికి కొంపలేం మునుగుతాయనుకుని గులాబీ చీటీ మీద రాశాడు: 'కట్టు తప్పినదే అయినా, సమావేశానికి అందరూ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రావాలి.' వాక్యం తనకే ముద్దొచ్చింది. మంచినీళ్ళకని లేచి వెళ్ళి వచ్చేసరికి చీటీ లేదు. ఎవరో ఉదాహరణల పెట్టెలో వేసి ఉంటారనుకున్నాడు.

వేసింది పెట్టెలో కాదు. గులాబీ రంగు చూసి హెస్టర్ అందుకుంది. 'ఇదేం పిచ్చి' అనుకుంది కానీ, అడగడానికి నోరు తెరవకూడదు కదా! పొడి అక్షరాలు వేసి జరిపింది. ఆమె వేసిందని రెండో ఆయన వేశాడు. ఇద్దరు వేశారని మూడో ఆయన వేశాడు. చివరికి ప్రధాన సంపాదకురాలు మిస్ లాథ్రాప్ అన్ని అక్షరాలు చూసి, ట్రస్టీల కోరికే అయి ఉంటుందనుకుని తనవీ వేసింది. భోజనాల వేళ అందరూ మంచులో పడుతూ లేస్తూ ఇళ్ళకు పరుగులు తీశారు.

మూడు కావస్తుండగా మెట్ల మీద తోటి సంపాదకుడు రాస్కో ఎదురయ్యాడు. అతని కాళ్ళకు బొచ్చు బంతులున్న ఆడవాళ్ళ చెప్పులున్నాయి.

"ఏంటయ్యా ఈ వేషం?" అన్నాడు ఎల్డన్.

"నావి కుక్క కొరికేసింది. మా ఆవిడవి పట్టుకొచ్చా. నీవేవీ?"

"నాకెందుకు?"

"భలేవాడివే! చీటీ బయల్దేరిందే నీ బల్ల మీంచి!"

ఎల్డన్ ఒక్క పరుగున మిస్ లాథ్రాప్ గదిలోకి వెళ్ళి, "మేడమ్, అది ఉత్తర్వు కాదు, ఉదాహరణ!" అన్నాడు.

"నెమ్మదిగా మాట్లాడండి. నావి కాక పదకొండుమంది అక్షరాలు పడ్డ చీటీ రద్దవ్వాలంటే మళ్ళీ పదకొండూ పడాలి. టైమెంత?"

"మూడు."

"అయితే పదండి," అని ఆవిడ లేచింది. ఆవిడ చెప్పులకు కుందేలు చెవులున్నాయి.

సమావేశంలో ట్రస్టీల పెద్ద క్రోవెల్ కాగితం చూసి మొహం చిట్లించాడు. "ఐదు మాటలేనా? ఎవరీ నలుగురు? ఏ దారి? ఇది హెస్టర్‌కిచ్చి మళ్ళీ రాయించండి." అంటూనే కళ్ళజోడు తుడుచుకోబోయి కింద పడేశాడు. దానికోసం బల్ల కిందికి వంగినవాడు చాలాసేపు పైకి లేవలేదు.

"ఎవరండీ ఈ కట్టు తప్పిన పని చేయించింది?"

ఎల్డన్ లేచి నిలబడ్డాడు.

"నేనే. తెల్ల చీటీ లేక గులాబీ దాని మీద రాశాను. నా ఉదాహరణ తీసేయండి, నన్నూ తీసేయండి. అర్థంలో మాత్రం ఒక్క అక్షరం మార్చను."

అప్పుడు లేచింది హెస్టర్.

"అసలు కట్టు తప్పింది మేం కాదండీ. మా పన్నెండుమందిలో పదకొండుమందిమి చెప్పులతో వచ్చాం. నలుగురి దారీ కాదని బూట్లతో కూర్చున్నది థేయర్ గారొక్కరే. పాత పదిహేను పంక్తులతో ఈ సంగతి తేలదు, ఆయన ఐదు మాటలతో తేలింది. ఈ మాట నాకొద్దు. దీన్ని ఇంతకంటే బాగా నేను రాయలేను."

క్రోవెల్ కాగితం మళ్ళీ చదివాడు. బూట్ల వంక చూశాడు, కుందేలు చెవుల వంక చూశాడు. "అచ్చుకు పంపండి," అన్నాడు. నియమం మరిచి పదకొండుమందీ చప్పట్లు కొట్టారు. ఎల్డన్‌కు కళ్ళు చెమర్చాయి, పట్టపగ్గాల్లేని గర్వం కలిగింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఆయన విన్న మొదటి చప్పట్లు అవే.

సోమవారం పొద్దున మిస్ లాథ్రాప్ గులాబీ చీటీ పంపింది: 'ఇకపై సమావేశాలకు అందరూ బూట్లతోనే రావాలి.' సాయంత్రానికి దాని మీద ఒక్క పొడి అక్షరమూ పడలేదు. ఎవరో దాన్ని భద్రంగా ఉదాహరణల పెట్టెలో వేశారు.