ఆస్టిన్ బండి కొట్టిన గంట

నాన్సీ పెళ్ళి పొద్దున తొమ్మిదికి. అమృతరాజు లెక్కలో అందులో కష్టమేమీ లేదు. తెల్లారగానే లేవడం, షెడ్డులోంచి స్నేహితుడు ఆస్టిన్ బండి, ఆ పాత మోటారుసైకిలు, బయటికి తీయడం, రెండు కిక్కులు కొట్టడం, తెల్లచీరలో ఉన్న పెళ్ళికూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని చర్చి ముందు దించడం. ఆ ధీమాతోనే, మాట్లాడి పెట్టిన కారును మగపెళ్ళివారి కోసం వాళ్ళ ఊరు తమకకు పంపేశాడు. "కారులో ఊరేగేదానికి ఇదేమన్నా ఎలక్షనా?" అన్నాడు కూడా. భార్య ఎస్తరమ్మ పెదవి విప్పలేదు. ఎస్తరమ్మ నోరు మూసుకుందంటే ఆ ఇంట్లో అది మంచి శకునం కాదు.

ఆస్టిన్ ఇప్పుడు లేడు. బంగారు గనిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరిదీ ఒకటే పని, చివర్లు మాత్రం రెండు. కింద మనుషుల్ని కేజ్‌లోకి, అంటే గని లిఫ్టులోకి, ఎక్కించి గంట కొట్టేది ఆస్టిన్. పైన షాఫ్టు అనే ఆ గని గుంత నోటి దగ్గర ఆ గంట విని, అదే గంట తిరిగి కొట్టేది అమృతరాజు. మూడు కొట్టి, ఆగి, ఒకటి కొడితే, "మనుషులున్నారు, పైకి లాగు" అని అర్థం. జవాబు గంట పడందే కేజ్ కదలకూడదు. గనులు మూతపడ్డాక ఆస్టిన్ తన బండిని అమృతరాజు షెడ్డులో పెట్టి, బెంగళూరుకు కావలి పనికి పోయాడు. ఊపిరితిత్తుల్లో చేరిన గని దుమ్ము అతన్ని అక్కడ ఎక్కువ కాలం ఉండనివ్వలేదు. తల్లి అంతకు ముందే పోయింది గనుక ఆస్టిన్ కూతురు నాన్సీ అమృతరాజు ఇంట్లోనే పెరిగింది. పెళ్ళి కుదిరిన రోజు ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"మామా, నాయన బండి మింద పోదామా చర్చికి? చెయ్యి పట్టుకోని తీసకపోయేదానికి నాయన లేడు గదా."

"అదెంత పని తల్లీ," అన్నాడు అమృతరాజు.

తీరా చూస్తే అది చాలా పనే. ఆ పొద్దు మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, కార్మికుల ఇళ్ళ లైన్ల చివర కొండంత ఉండే సైనైడ్ మట్టిగుట్ట ఉందో లేదో తెలియడం లేదు. టార్పాలిన్ లాగి టాంకు మూత తిప్పితే పెట్రోలు వాసన రాలేదు, పాత వార్నిషు కంపు వచ్చింది. ఉన్నదంతా వంచేసి కొత్తది పోశాడు. కార్బొరేటరు విప్పి, పూడిపోయిన జెట్టులో సన్నని రాగితీగ తోశాడు. ప్లగ్గును ఉప్పుకాగితంతో రుద్ది, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా చిటుక్కుమంది. అన్నీ బిగించాడు. కొట్టాడు, కొట్టాడు, కాలు పీక్కుపోయేదాకా కొట్టాడు. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు.

"పెట్రోలు వస్తాండాది, నిప్పు వస్తాండాది, గాలి పోతాండాది. ఇంగేం కావాలంట దీనికి?"

"ఓనరు," అంది ఎస్తరమ్మ, కాఫీ గ్లాసు గోడ మీద పెట్టి లోపలికి పోతూ.

ఆ మాట అతనికి నచ్చలేదు. ఇంకేం మిగిలిందా అని వెతికి, పాత బ్యాటరీ పీకి కొత్తది బిగించి, దేవుణ్ణి తలుచుకుని కిక్కు కొట్టాడు. ఇంజను పలకలేదు. హారన్ పలికింది. మూడుసార్లు మోగి, ఆగింది. ఆ పైన ఒకసారి మోగింది.

అమృతరాజు కుడిచెయ్యి తనంతట తానే పైకి లేచింది, అక్కడ లేని గంట తాడు కోసం. అది చూసుకుని, బండిని ముట్టుకోకుండా నాలుగడుగులు వెనక్కి నడిచాడు. మళ్ళీ మోగింది. అదే మూడు, అదే ఒకటి. చివరి గంటకు ముందు కాస్త ఎక్కువసేపు ఆగడం ఆస్టిన్ అలవాటు. ఎవరి కాలైనా కేజ్ బయట ఉందేమోనని ఇంకోసారి చూసుకునేవాడు. హారన్ కూడా సరిగ్గా అంతసేపే ఆగింది.

"ఎలకలు వైరు కొరికినట్టుండాయప్పా," అంది ఎస్తరమ్మ గుమ్మంలోంచి.

"కొరికినాయి, సరే. మూడు కొట్టి ఆగి ఒకటి కొట్టేది వాటికి ఎవురు నేర్పినారు?"

ఎస్తరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

పక్కింట్లో దొడ్డమునియప్ప ఉంటాడు. కేజ్‌ను లాగే పెద్ద ఇంజను నడిపినవాడు. ఇప్పుడు చెవుడు, భార్య అన్నానికి పిలిచినా వినపడదు. కానీ ఈ హారన్ వినపడింది. పెళ్ళికని తొడుక్కున్న కొత్త చొక్కా మీద పాత గని టోపీ పెట్టుకుని మంచులోంచి బయటికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా లైను చివరికి పోయి, అక్కడ షిఫ్టు గంటకని వేలాడగట్టిన రైలు పట్టాముక్కను ఇనుపకడ్డీతో మూడు కొట్టి, ఆగి, ఒకటి కొట్టాడు.

"మునియప్పన్నా, నీకేమన్నా పిచ్చా?" అని పరిగెత్తి అతని చెవిలో అరిచాడు అమృతరాజు.

"గంట యినపడితే జవాబు కొట్టాల. కొట్టకుంటే కిందోళ్ళు ఏమి కావాల?"

"కింద ఎవురుండారన్నా! నీళ్ళు తప్ప ఏముండాది?"

"అది కొట్టినోళ్ళని అడుగు, నన్నెందుకు అడగతావు?"

ఆ పట్టాముక్క మోత మంచులో ఎంత దూరం పోయిందో ఎవరు చూశారు? తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ముసలి కార్మికులు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు లుంగీల్లో, కొందరు పెళ్ళిబట్టల్లో, అందరి తలల మీదా టోపీలే. వచ్చినవాళ్ళు పలకరించలేదు, దగ్గలేదు. షిఫ్టుకు నిలబడ్డట్టు షెడ్డు ముందు వరసగా నిలబడి బండి వైపు చూస్తున్నారు. హారన్ మోగినప్పుడల్లా వరస మొత్తం ఒక అడుగు ముందుకు జరుగుతోంది. బతికున్నవాళ్ళను చూసి భయపడటం అమృతరాజుకు అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే నాన్సీ తెల్లచీరలో, చేతిలో పూలగుత్తితో బయటికి వచ్చింది. వరసను చూసింది. బండిని చూసింది. హారన్ విన్నది. గని గంటలు వింటూ పెరిగిన పిల్లకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

"మామా, నాయనేనా?"

"ఎలకలు తల్లీ. వైరు..."

"చర్చికి టైమయిపోయింది. కావాలంటే నడిచే పోతాను. కానీ నాయన పిలస్తా ఉంటే జవాబు చెప్పకుండా యాడికీ పోను." 

అమృతరాజుకు భయం వేసింది. దానికన్నా ఎక్కువగా ఏడుపు వచ్చింది. జవాబు కొడితే ఆస్టిన్ కింద ఉన్నాడని ఒప్పుకున్నట్టే. కొట్టకపోతే? ఇన్నేళ్ళలో అతను ఆస్టిన్ గంటకు జవాబు ఇవ్వకుండా ఉన్న రోజు ఒక్కటీ లేదు. ముందుకు నడిచి, బొటనవేలితో హారన్ నొక్కాడు. మూడు. ఆగాడు. ఒకటి.

హారన్ ఆగిపోయింది.

"ఎక్కమ్మా," అన్నాడు దొడ్డమునియప్ప. "తొయ్యండ్రప్పా!"

ఒకప్పుడు రాయి నింపిన ట్రాలీలను తోసిన చేతులు అవి. పెళ్ళికూతురు ఎక్కిన బండి గాలిలో తేలినట్టు పోయింది. అమృతరాజు క్లచ్ వదిలాడు. పిడుగు పడ్డట్టు ఒక్క శబ్దం! సైలెన్సరులోంచి గడ్డీ, గుడ్డపేలికలూ కలిసిన పెద్ద ముద్ద ఎగిరి దొడ్డమునియప్ప టోపీకి తగిలింది. ఎలకల గూడు. అమృతరాజు బండిలోకి పోయే దారులన్నీ చూశాడు గానీ, బయటికి వచ్చే దారి చూడనే లేదు. పొగ కక్కుతూ బండి పరుగెత్తింది, దాంతోపాటే హారన్ మళ్ళీ మొదలుపెట్టింది.

చర్చి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. దీపాలు వెలుగుతున్నాయి. గుమ్మం ముందు చెప్పులు వరసలు వరసలుగా ఉన్నాయి. లోపల మనిషి అన్నవాడు లేడు.

"మామా, చెప్పులుండాయి, మనుషులు యాడ?"

 బండి ఆపితే మళ్ళీ కదలదని అమృతరాజు భయం. ఆపకుండానే చర్చిని చుట్టి వచ్చాడు. వెనక వాకిలి దాటాక ఒక ముసలామె కుంటుకుంటూ పోతూ కనపడింది. "షాఫ్టు కాడికమ్మా! కింద మనుషులుండారంట, గంట కొడతాండారంట!" అంది, పెళ్ళికూతుర్ని గుర్తుపట్టకుండానే.

మూసేసిన షాఫ్టు గేటు ముందు పెళ్ళి మొత్తం ఉంది. పట్టాముక్క మోతకు పరిగెత్తి వచ్చిన చుట్టాలు ఉత్త కాళ్ళతో, తాళం వేసిన గేటు పట్టుకుని లోపలికి చూస్తున్నారు. తెల్ల అంగీలో పాస్టరు అయ్యగారు వణుకుతూ కీర్తన పాడుతున్నారు. అందరూ కింది నుంచి గంట కోసం చెవులు రిక్కించి ఉండగా, వెనక మంచులోంచి వచ్చింది, మూడూ ఒకటీ. తిరిగి చూస్తే పొగలో తేలుతూ ఒక తెల్లని ఆడరూపం. పెళ్ళికొడుకు సెల్విన్ తల్లి డయానమ్మ కెవ్వుమని గేటు సగానికి ఎక్కేసింది.

"నేనే అత్తా, నాన్సీని!"

"దిగను! ముందు నా కొడుకును తాకి చూపించు!"

సెల్విన్ తానే వచ్చి నాన్సీ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వెచ్చగానే ఉందని తల్లికి చెప్పాక ఆమె దిగింది. "మా తమక పక్క పెండ్లి గంట చర్చిలో కొడతారు, గుంతలో కాదు," అని సణిగింది. ఈలోగా బండి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. అమృతరాజు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

అయ్యగారికి బంగారుపేటలో ఎవరిదో భూస్థాపన ఉంది, తిరిగి చర్చికి పోయి మళ్ళీ మొదలుపెట్టే తీరిక లేదు. వరుడున్నాడు, వధువుంది, సంఘమంతా ఇక్కడే ఉంది. ఇంక కావలసిందేమిటని పుస్తకం తెరిచారు. టోపీలవాళ్ళు కూడా వగరుస్తూ వచ్చి వెనక నిలబడ్డారు.

"ఈ వధువును ఈ వరునికి అప్పగించేదెవరు?"

అమృతరాజు నోరు తెరిచాడు. 'తండ్రి బదులు నేను' అని రాత్రంతా వల్లెవేసుకున్న జవాబు బయటికి రాలేదు. నాన్సీ అతని వైపు చూసింది. అందరూ అతని వైపు చూశారు. నీళ్ళు నిండి అతనికి కళ్ళు కనపడటం లేదు.

వెనక, తాళంచెవి తీసేసిన బండి హారన్ మోగింది. ఒక్కటే, పొడుగ్గా. నడుస్తున్న కేజ్‌కు ఒంటి గంట వినిపిస్తే అర్థం వేరు.

"చేరిందప్పా, నిలుపు," అని దొడ్డమునియప్ప టోపీ తీసేశాడు.

అయ్యగారు బండి వైపు చూశారు, అమృతరాజు వైపు చూశారు, ఆ ప్రశ్న మళ్ళీ అడగకుండా పేజీ తిప్పారు.