ఎల్, ఐ, ఆ తర్వాత ఏమీ లేదు

తెరుచుకోని కంప్యూటరు ఇంటికి శుభం! నమ్మరా? ఆర్మూరులో దేవరాజుని అడగండి.

పసుపు మార్కెట్‌కు పోయే దారిలో, హన్మయ్య ఎరువుల దుకాణం పైగదిలో దేవరాజు కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. సెంటర్లో ఉన్నది ఒకే కంప్యూటరు. పొద్దున దాని మీద పిల్లలకు టైపింగ్ నేర్పేవాడు. మధ్యాహ్నం నుంచి అతని భార్య ఆశమ్మ పెళ్లి పత్రికలు కంపోజ్ చేసేది. 1998 క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఆమె ఇంకో పని పెట్టుకుంది. భీమ్‌గల్ వైపు రత్నవ్వ లాంటి ముసలివాళ్లు నోటితోనే పాడుకునే క్రీస్తు భక్తి పాటలను రాసుకొచ్చి టైపు చేసింది. టైపు కాగానే ఆ కాగితాలను దేవరాజు పారేయించాడు. కంప్యూటర్ యుగంలో కాగితం మూఢనమ్మకం అన్నాడు.

అప్పుడే ఒక కంప్యూటర్ పత్రికతో పాటు, విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ సీడీ ఉచితంగా వచ్చింది. ఓపెన్ సోర్స్! లోపలి ప్రోగ్రామంతా ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచిపెట్టొచ్చు! దేశదేశాల డెవలపర్లు కలిసి రాశారట! ఇంత స్వేచ్ఛ ఆర్మూరు దాకా వస్తే గుమ్మంలో నిలబెట్టడం మర్యాదేనా? దేవరాజు సీడీ పెట్టాడు. అది ఇంగ్లిషులో ఏవేవో అడిగింది. అడిగినవాళ్లను కాదనడం బాగుండదని అన్నిటికీ 'ఎస్' కొట్టాడు.

కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్‌ను లేపాలో చూసేది బూట్ లోడర్. గుమ్మం దగ్గరి కాపలాదారు లాంటిది. కొత్తగా కుదిరిన కాపలాదారు తెర మీద తన పేరు రాయబోయి ఎల్ రాశాడు, ఐ రాశాడు, అక్కడే ఆగిపోయాడు. విండోస్ రాలేదు, లినక్సూ రాలేదు.

పైన టైపింగ్ చప్పుడు ఆగిందేమని చూడటానికి వచ్చిన హన్మయ్య, అది ఎల్ఐసీ వాళ్లదనుకుని, "సీ ఎప్పుడొస్తది?" అన్నాడు.

దేవరాజు అతన్ని కూర్చోబెట్టి, కంప్యూటరు తెరుచుకోకపోతే వచ్చే లాభాలు వివరించాడు. పిల్లల కళ్లకు విశ్రాంతి! కరెంటు పోతే పని ఆగుతుందన్న ఫికర్ లేదు! వైరస్ వస్తే? రానివ్వండి, దానికీ దారి లేదు! ఇక పెళ్లి పత్రికల్లో ఒక్క అచ్చుతప్పు దొర్లితే అడగండి!

ఆశమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుని తెర వంక చూసింది. దేవరాజు ఆమెకూ స్వేచ్ఛ గురించి చెప్పబోయాడు. ఇందులో ఏముందో ఎవరైనా చూడొచ్చన్నాడు.

"నా పాటలు గూడ చూడొచ్చా?" అని అడిగింది ఆమె.

దేవరాజు నిజామాబాద్ బస్సెక్కాడు. అక్కడి ఇంటర్నెట్ సెంటర్లో, లినక్స్ డెవలపర్లు మాట్లాడుకునే చోట తన గోడు రాసుకున్నాడు. మర్నాడు జవాబుల కోసం మళ్లీ పోయాడు. కోడ్ అంతా మీ చేతిలోనే ఉంది, బాగు చేసుకోండని ఒకాయన దీవించాడు. ప్రశ్న అడిగే పద్ధతి ఇది కాదన్నాడు ఇంకొకాయన. మిగతావాళ్లు ఆ పద్ధతి మీద కొట్లాడుకున్నారు. అన్నిటికీ అడుగున ఎవరో ఒకామె మాత్రం, విండోస్ స్టార్టప్ ఫ్లాపీ పెట్టి ఫలానా కమాండ్ కొడితే పాత కాపలాదారు తిరిగి వస్తాడని రాసింది.

వచ్చాడు. అదృష్టం బాగుండి పాటలూ చెరగలేదు. ఆశమ్మ ప్రింటర్ ఆన్ చేసింది. కాగితం బయటికి వస్తుంటే రత్నవ్వ పాటను సన్నగా పాడుకుంది. పక్కన నిలబడ్డ దేవరాజు ఒక్కో కాగితం అందుకుని వరుసగా పేర్చాడు. ఆ క్రిస్మస్‌కు చర్చిలో అందరూ ఆ పాటలే పాడారు.

అయినా సిద్ధాంతం సిద్ధాంతమే కదా! పండుగ పోయాక, లినక్స్ మళ్లీ వేద్దామా అని మెల్లగా కదిపాడు. ఆశమ్మ కోప్పడలేదు.

"అండ్ల తెలుగు వస్తదా?"

"ఇప్పుడైతే రాదు. గదే దాని గొప్ప. మనమే రాసుకోవచ్చు."

"మనమంటే ఎవరు?"

దేవరాజు కిటికీలోంచి బజారు వైపు చూశాడు. పసుపు బస్తాల బండ్లు పోతున్నాయి. ఆ 'మనం'లో ఆర్మూరు తరఫున అప్పటికి ఉన్నది తనొక్కడే. తనకు టైపింగ్ తప్ప ప్రోగ్రామింగ్ రాదు.